ఎడమవైపు అతుకు

హుస్సేన్ పీరా దగ్గర పదకొండేళ్లు పనిచేశాక కూడా ఓబులేసుకు ఒక బాధ మిగిలిపోయింది. అతను ఎక్కడ అతుకు పెట్టినా ఉస్తాద్ వచ్చి చూసేవాడు.

చూడ్డమంటే కళ్లతో కాదు. జేబులోంచి చిన్న సుత్తి తీసి, అతుకు పక్కన రెండుసార్లు తట్టి, తల కాస్త వంచి వినేవాడు. బాగుంటే ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. బాగాలేకపోతే, అప్పుడూ ఏమీ అనకుండా, గ్రైండింగ్ మిషను తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టేవాడు. కోసి మళ్లీ అతకమని దానర్థం.

నంద్యాలలో గిద్దలూరు రోడ్డు పక్కన ఉండే ఆ షెడ్డుకు బోర్డు కూడా లేదు. మామూలు రోడ్డు బండ్లను కొండదారులకు తట్టుకునేలా మార్చి ఇవ్వడం అక్కడి పని. ముందు చక్రం పెద్దది వేస్తారు. ఫోర్కులు పొడుగువి పెడతారు. సీటు కింద ఫ్రేము మొత్తం కోసి పారేసి, కొత్త పైపులు వంచి మళ్లీ కడతారు. బెంగుళూరు నుంచి, పుణే నుంచి బండ్లను లారీల్లో వేసి పంపేవాళ్లు. ఫ్రేము కట్టడంలో హుస్సేన్ పీరా చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదని వాళ్లకు నమ్మకం.

ఆ నమ్మకం కొన్నాళ్లుగా ఓబులేసు మీదికి కూడా మళ్లింది. ఉస్తాద్‌కు కళ్లు మందగించాయి. నడుం దగ్గర ఎముకకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కువసేపు వంగలేడు. దాంతో ఆర్గాన్ వెల్డింగంతా ఓబులేసే చేస్తున్నాడు. అతని అతుకులు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి సమానంగా వాలి ఉంటాయి. బండి తీసుకుపోవడానికి వచ్చిన ఒక బెంగుళూరు మనిషి ఆ అతుకుల్ని ఫోన్లో వీడియో తీసుకున్నాడు. అది ఎక్కడెక్కడో తిరిగింది. వారం రోజులు ఓబులేసు ఫోను మోగుతూనే ఉంది. హైదరాబాదులో ఒక పెద్ద వర్క్‌షాపువాళ్లు వచ్చి చేరమన్నారు.

ఆ వీడియో తీసిన మనిషి ఎదురుగానే ఉస్తాద్ సుత్తి తీసి, టక్ టక్‌మని తట్టి, తల వంచి విన్నాడు. బెంగుళూరు మనిషి నవ్వాడు. మంచి నవ్వే. కానీ ఓబులేసుకు చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రం టీ తాగేటప్పుడు అడిగేశాడు.

"ఉస్తాద్, మీరు నా పని చూడకుండా ఉండే రోజు ఎప్పుడొస్తుంది?"

ఉస్తాద్ టీ ఊదుకుంటున్నాడు. చివరి గుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"తర్వాత వచ్చే బండి నుంచి చూడను," అన్నాడు.

ఓబులేసు వాదించడానికి చాలా మాటలు కూడగట్టుకుని వచ్చాడు. అవి ఒక్కటీ అక్కర్లేకుండా పోయాయి.

తర్వాత వచ్చిన బండి చెన్నకేశవులుది. ఆయన ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పాత ఐదువందల సీసీ బండి ఒకటి ఆయనకు ప్రాణం. దాన్ని తోసుకుంటూ వచ్చాడు, వెనక ఆయన భార్య నాగరత్నమ్మ నడుచుకుంటూ వచ్చింది.

హిమాలయాల్లో స్పితి అని ఒక లోయ ఉందట. అక్కడికి పోవాలన్నది నాగరత్నమ్మ కోరిక. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఊళ్లు తిప్పిన జనం లక్షల్లో ఉంటారు, ఆమెను మాత్రం మహానంది దాటించలేదు. రిటైరయ్యాక ఎక్కడికి పోదామని ఆయన అడిగితే ఆమె ఆ లోయ పేరు చెప్పింది. బస్సులో మాత్రం వద్దంది. బస్సులో అయితే ఆయన స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చుంటాడని ఆమె అనుమానం. నీ వెనక కూర్చుని వస్తానని పట్టుబట్టింది. అక్కడ రోడ్లు ఉండవని, రాళ్లు, వాగులు ఉంటాయని చెన్నకేశవులు కనుక్కున్నాడు. అందుకని బండిని ఇక్కడికి తెచ్చాడు.

కొలతలు తీసుకోవడానికి ఓబులేసు ఫ్రేమును స్టాండు మీద నిలబెట్టి, వెనకవైపు ఒక చెక్క పెట్టి, ఆమెను కూర్చోమన్నాడు. ఆమె చీర సర్దుకుని, సిగ్గుపడుతూ, భర్త భుజం పట్టుకుని ఎక్కింది. కాళ్లు ఎక్కడ ఆనతాయో ఓబులేసు సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు.

"నాయనా, ఒక మాట," అంది ఆమె. "ఈయన వెనక కూర్చుంటే నాకు ఈయన వీపు తప్ప ఏమీ కనపడదు. అంతదూరం పోయి వీపు చూసుకుంటూ రావాలా? నా సీటు కాస్త ఎత్తుగా పెట్టు."

ఓబులేసు నవ్వి సరేనన్నాడు. సీటు ఎత్తు పెంచితే వెనక ఫ్రేము మీద పడే బరువు తీరు మారుతుంది. దానికి తగ్గట్టు పైపు మందం పెంచాడు. చక్రం గుంతలో పడి లేచేటప్పుడు ఆడే దూరం కూడా పెంచాలి కాబట్టి, షాకబ్జార్బర్లను ముందుకు జరిపి వాలుగా నిలబెట్టాడు. వాటి పై కొసలను ఫ్రేముకు పట్టి ఉంచే లావుపాటి ఇనప ముక్కలు రెండుంటాయి, కుడికొకటి, ఎడమకొకటి. షెడ్డులో వాటిని చెవులంటారు. వెనక కూర్చున్న మనిషి, సామాను, గుంత దెబ్బ, అన్నీ చివరికి ఆ రెండు చెవుల మీదే పడతాయి.

లెక్కలన్నీ తనే వేసుకున్నాడు. పైపులు తనే వంచాడు. పద్దెనిమిది రోజులు ఆ బండి దగ్గరికి ఉస్తాద్ రాలేదు. దాటుకుని పోవాల్సి వస్తే అటు తిరిగి పోయేవాడు. ఓబులేసుకు మొదట్లో ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

పందొమ్మిదో రోజు అతుకులన్నీ అయిపోయి ఎడమ చెవి ఒక్కటే మిగిలింది. ఫ్రేములకు పౌడర్ కోటింగ్ రంగు వేసేవాడు వ్యాన్ తెచ్చి బయట నిలబెట్టి, ఇంకెంతసేపని రెండుసార్లు అడిగిపోయాడు. అతుకు సగంలో ఉండగా గ్యాసు సన్నబడింది. ఇనుము కరిగేటప్పుడు గాలి తగలకుండా కాపాడేది ఆ గ్యాసే. అది తగ్గగానే వెలుగు రంగు మారింది, చిటపటలాడింది. ఓబులేసు చెయ్యి ఆపేలోపే అంగుళం మేర అతుకు నల్లబడి, పురుగు తిన్న వంకాయలా బొక్కలు పడింది.

ఏం చెయ్యాలో అతనికి తెలుసు. పదకొండేళ్లుగా చేస్తున్నదే. మెరిసే ఇనుము కనపడేదాకా ఆ అంగుళం కోసెయ్యాలి. కోస్తే చెవి కదులుతుంది. కదిలితే మళ్లీ కొలతలు చూసి బిగించాలి. ఇంకో రోజున్నర పని. వ్యాన్ వెళ్లిపోతుంది. గురువారం పొద్దున్నే బయల్దేరాలని చెన్నకేశవులు దంపతులు పంచాంగం చూసి పెట్టుకున్నారు.

ఓబులేసు కొత్త సిలిండరు తగిలించాడు. అద్దం కిందికి దించుకున్నాడు. ఆ బొక్కల మీద ఇంకో వరస అతుకు వేశాడు. చాలా బాగా వచ్చింది. చేప పొలుసుల్లా వచ్చింది. ఆ బండి మొత్తంలో అంత అందమైన అతుకు ఇంకోటి లేదు.

వ్యాన్‌లో ఎక్కించేటప్పుడు ఉస్తాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఓబులేసు ఆయన చేతివైపు చూశాడు. ఆ చెయ్యి జేబులోకి పోలేదు.

మర్నాడు ఫ్రేము నల్లగా నిగనిగలాడుతూ తిరిగొచ్చింది. ఎడమ చెవి ఏదో కుడి చెవి ఏదో తేడా తెలియడం లేదు. ఓబులేసు ఇంజను ఎక్కించాడు, చక్రాలు తగిలించాడు, వైర్లు లాగాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ కళ్లు మాటిమాటికీ ఒకే చోటికి పోతున్నాయి. పైన వేసిన వరస గట్టిగానే ఉంది కదా అనుకునేవాడు. సగం అతుకు మంచిదే కదా అనుకునేవాడు. అంత లావు ఇనుము ఊరికే విరుగుతుందా అనుకునేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఒంట్లో బాగాలేదా అని భార్య అడిగితే ఎండ అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెనక సీటు మీద రెండు ఇసక బస్తాలు కట్టి, బండిని బలమంతా పెట్టి కిందికి నొక్కి వదిలాడు. వంద సార్లు నొక్కాడు. ఏమీ కాలేదు. చొక్కా తడిసిపోయింది. భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అప్పుడు అతనికి ఒక కోరిక పుట్టింది. ఉస్తాద్ వచ్చి తడితే బాగుండును. ఒక్కసారి తట్టి, తల వంచి విని, గ్రైండింగ్ మిషను తెచ్చి చేతిలో పెడితే బాగుండును. ఆయన మాత్రం లేత్ దగ్గర పనిచేసే జిలానీతో ఏదో బోల్టు సంగతి మాట్లాడుతూ, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. చూడమని ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? చూడొద్దని తనే అడిగాడాయె.

బుధవారం వచ్చింది. మధ్యాహ్నం బండి తీసుకుపోవడానికి దంపతులిద్దరూ వస్తున్నారు. పొద్దున తొమ్మిదింటికి ఉస్తాద్ తన కుర్చీలోంచి లేచి, బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బయటికి తియ్యి," అన్నాడు ఉస్తాద్. "ఘాట్ దాకా పోయొద్దాం."

అయిదేళ్లుగా హుస్సేన్ పీరా మోటారు సైకిలెక్కలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్కొద్దన్నాడు. ఇంటి నుంచి షెడ్డుకు రోజూ ఆటోలోనే వస్తాడు. షెడ్డులో అందరికీ ఆ సంగతి తెలుసు. జిలానీ లేత్ ఆపి చూశాడు.

డాక్టరు ఒప్పుకోడని ఓబులేసు గుర్తు చేశాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. తను ఒక్కడే పోయి చూసుకొస్తానన్నాడు. ఉస్తాద్ ఏ మాటకూ అడ్డం చెప్పలేదు. స్టూలు జరుపుకుని, దాని మీదికెక్కి, ఓబులేసు భుజం పట్టుకుని, నెప్పికి పళ్లు బిగించి, కాలు అవతలికి వేశాడు. నాగరత్నమ్మ కోసం కట్టిన సీటులో కూర్చున్నాడు. ఆమె కోసం సుద్దముక్కతో గుర్తు పెట్టిన చోట ఆయన కాళ్లు ఆనాయి.

"పోనీ," అన్నాడు.

ఊరు దాటేదాకా స్పీడ్ బ్రేకర్లే. ప్రతిదాని దగ్గరా ఓబులేసు బండిని దాదాపు ఆపి, చంటిబిడ్డను దించినట్టు దించాడు. గతుకు కనపడితే పక్కకు తప్పించాడు. వెనక నుంచి ఆటోవాళ్లు హారన్ కొడుతూ దాటిపోతున్నారు. ఉస్తాద్ చెయ్యి అతని ఎడమ భుజం మీద ఉంది. పదకొండేళ్లలో ఆ చెయ్యి ఎన్నోసార్లు అక్కడ పడింది గానీ దానికింత బరువుందని అతనికి ఎప్పుడూ తెలియలేదు.

గాజులపల్లె దాటాక అడవి మొదలైంది. దారి పైకి లేచి మెలికలు తిరగసాగింది. బండి మాత్రం అద్భుతంగా పోతోంది. ముందు చక్రం గుంతల్ని మింగేస్తోంది. మలుపులో వంచితే వంచినంత వంగి, చెప్పినట్టు లేస్తోంది. వేరే రోజైతే ఓబులేసు ఈలవేసుకుంటూ తోలేవాడు. ఇప్పుడు అతని ప్రాణమంతా వెనక ఎడమవైపున, సీటు కింద, అంగుళం మేర ఉంది. ఇంజను చప్పుడు వెనక ఇంకో చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకుని తోలుతున్నాడు.

"ఆ తల్లి చెప్పింది నిజమే," అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి. "ఇక్కణ్ణుంచి అంతా కనపడుతుంది."

ఓబులేసు వేగం ఇంకాస్త తగ్గించాడు.

ఎదురుగా పలకరాళ్ల లారీ ఒకటి మలుపు మొత్తం ఆక్రమించి దిగుతోంది. ఓబులేసు ఎడమకు తప్పుకున్నాడు. రోడ్డు అంచు వానకు కోసుకుపోయి ఉంది. చక్రం దాన్లో దిగింది. వెనక భాగం కిందిదాకా కుంగి, ధడేల్‌మని లేచింది. భుజం మీది చెయ్యి గట్టిగా బిగుసుకుంది. ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడు. రాయి ఎగిరి తగిలిందో, ఇంకేమైనానో. లారీ దాటిపోయింది. ఎడమవైపు రోడ్డు పక్కన అడ్డుగోడ లేదు. చాలా కింద, చెట్ల మధ్య, రైలుపట్టాలు దారప్పోగుల్లా కనపడుతున్నాయి.

ఓబులేసు ఇంకో వంద గజాలు పోయాడు. అంతకుమించి చేతకాలేదు. ఒక కల్వర్టు దగ్గర బండి పక్కకు తీసి ఇంజను ఆపాడు.

ఉస్తాద్‌ను పట్టుకుని కిందికి దించి, కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టాడు. తను నిలబడే ఉన్నాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉస్తాద్ నడుం నొక్కుకుంటూ అడవివైపు చూస్తున్నాడు.

"వెనక ఒక చెవి అతుకు మంచిది కాదు ఉస్తాద్," అన్నాడు చివరికి. గ్యాసు అయిపోయిన సంగతి, బొక్కలు పడ్డ సంగతి, కోయకుండా పైన కప్పేసిన సంగతి, అన్నీ చెప్పాడు. వ్యాన్ వాడు తొందరపెట్టాడని మొదలుపెట్టి, ఆ మాట మధ్యలోనే మింగేశాడు.

ఉస్తాద్ అంతా విన్నాడు. తల వంచి విన్నాడు.

"ఏ వైపుది?"

"ఎడమ."

ఉస్తాద్ తలూపి, గోడ పట్టుకుని లేచాడు. బండివైపు నడిచాడు.

ఓబులేసు అడ్డంపోయాడు. ఇక్కడే ఉండమన్నాడు. తను కిందికి నడిచిపోయి గాజులపల్లెలో ఆటో మాట్లాడుకుని వస్తానన్నాడు. ఏదైనా లారీ ఆపి ఎక్కిస్తానన్నాడు.

"ఆమె పోయేచోట ఆటో దొరుకుతుందా?" అన్నాడు ఉస్తాద్.

కల్వర్టు గోడ మీద కాలుపెట్టి, ఓబులేసు భుజం పట్టుకుని, మళ్లీ అదే సీటెక్కాడు. కాస్త కుడివైపుకు జరిగి సర్దుకున్నాడు. బరువంతా కుడివైపే వేసి, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు.

"పద."

పోయేటప్పుడు గంట కూడా పట్టని దారి వచ్చేటప్పుడు మూడు గంటలు పట్టింది. దిగేచోటల్లా ఓబులేసు రెండు కాళ్లూ నేలకు రాస్తూ దించాడు. సైకిళ్లు కూడా వాళ్లను దాటుకుని పోయాయి. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఒరిగి కూర్చోవడం వల్ల ఉస్తాద్‌కు నెప్పి ఎక్కువైనట్టుంది, అప్పుడప్పుడు ఊపిరి బిగబట్టడం ఓబులేసు వీపుకు తెలుస్తోంది. ఆయన నోరు తెరిచి ఒక్క మాటా అనలేదు. దించమనలేదు. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో ఓబులేసుకు ఆ మూడు గంటల్లో తెలిసొచ్చింది.

షెడ్డు దగ్గరికి చేరేసరికి చెన్నకేశవులు, నాగరత్నమ్మ వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన నిమ్మకాయలు, కొబ్బరికాయ, పూలదండ. నాగరత్నమ్మ చీర కిందనుంచి కొత్త కాన్వాసు బూట్లు కనపడుతున్నాయి. అలవాటు కావాలని పొద్దుటినుంచీ వేసుకునే తిరుగుతోందట. బండిని చూసి ఆమె లేచి నిలబడింది.

ఉస్తాద్‌ను జిలానీ పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఓబులేసు ఒక్కడే వాళ్ల ముందు మిగిలాడు.

చెప్పాడు. కల్వర్టు దగ్గర చెప్పినంత పొడుగ్గా చెప్పలేదు. ఎడమ చెవి అతుకు చెడిపోయిందని, తెలిసీ కప్పేశానని, ఈ బండి మీద రేపు బయల్దేరొద్దని చెప్పాడు.

చెన్నకేశవులు మొహం గట్టిపడింది. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక సీటు దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆమె నీ ఎదురుగానే కూర్చుని కొలతలిచ్చింది కదయ్యా," అన్నాడు.

ఆ మాట అంతటితో అయిపోలేదు. తన చేతికొచ్చిన బస్సుల్ని ఎవరెవరు ఎట్లా బిగించి పంపారో తెలియకుండానే ముప్పై ఒక్క ఏళ్లు నమ్మి తోలానని, అట్లా నమ్మే నీకూ అప్పజెప్పానని పెద్దాయన మెల్లగా, ఒక్కొక్క మాటే అన్నాడు. అరిచి ఉంటే వినడం సులువయ్యేది. తర్వాత బెంచీ మీద కూర్చుని, ఇప్పుడే కొయ్యి, నేను చూడాలన్నాడు.

ఓబులేసు సీటు తీశాడు. షాకబ్జార్బర్ విప్పాడు. గ్రైండింగ్ మిషను ఆన్ చేసి, నిగనిగలాడే నల్లరంగు మీద, ఆ అందమైన పొలుసుల మీద పెట్టాడు. నిప్పురవ్వలు ఎగిరాయి. రంగు పోయింది. పై వరస పోయింది. దాని కింద ఇనుము కాలిన రొట్టెలా నల్లగా, బొక్కలు బొక్కలుగా బయటపడింది. అతను అనుకున్నదానికన్నా లోతుగా ఉంది. మిషను ఆపి గుడ్డతో తుడిచాడు. ఒక బొక్కలోంచి వెంట్రుకంత సన్నటి గీత బయల్దేరి పైపుదాకా పోయింది.

అది పగులు. మొదటినుంచీ ఉందో, ఆ లారీ మలుపులో పుట్టిందో చెప్పడం ఎవరివల్లా కాదు. ఓబులేసు చెన్నకేశవులును దగ్గరికి పిలిచి, వేలితో చూపించాడు.

పెద్దాయన వంగి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశాడు.

నాగరత్నమ్మ దగ్గరికి రాలేదు. బెంచీ మీదే కూర్చుని, "ఎన్ని రోజులు పడుతుంది నాయనా?" అని అడిగింది.

నాలుగు రోజులన్నాడు ఓబులేసు.

"సరేలే. ఈ బూట్లు కూడా కరుస్తున్నాయి. అప్పటికి మెత్తబడతాయి." ఆమె వంగి లేసులు విప్పుకోసాగింది.

నాలుగు రోజులు అనుకున్నది ఆరయింది. ఎడమ చెవి ఒక్కటే కాదు, కుడిది కూడా ఓబులేసు కోసేశాడు. అది మంచి అతుకే. అయినా కోశాడు. పగులు పాకిన పైపును జానెడు మేర తీసేసి కొత్తది వేశాడు. సిలిండరు సగముండగానే కొత్తది తెప్పించి పక్కన పెట్టుకున్నాడు. ఉస్తాద్ ఈసారీ ఆ పక్కకు రాలేదు. ఓబులేసు పిలవలేదు. హైదరాబాదు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేశాడు.

ఏడో రోజు పొద్దున చెన్నకేశవులు నిమ్మకాయలు తొక్కించి బండి తీశాడు. ఎక్కేముందు ఆయన ఓబులేసువైపు ఒక్క క్షణం చూశాడు. ఏమైనా అడుగుతాడేమో అనుకున్నాడు ఓబులేసు. అడగలేదు. భార్యవైపు తిరిగి, ఎక్కమన్నట్టు తలూపాడు. నాగరత్నమ్మ భర్త భుజం పట్టుకుని ఎక్కి కూర్చుంది. బండి రోడ్డెక్కి, వేగం పుంజుకుని, చెరుకు లోడు ట్రాక్టరును దాటి కనపడకుండా పోయింది. చప్పుడు మాత్రం ఇంకాసేపు వినపడింది.

ఉస్తాద్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఘాట్ నుంచి వచ్చినప్పటి నుంచి ఆయన సరిగ్గా నడవలేకపోతున్నాడు. నడుం వెనక వేడినీళ్ల సంచి పెట్టుకుని ఉన్నాడు. ఓబులేసు టీ తెచ్చి ఇచ్చి, పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మీకు ముందే తెలుసా ఉస్తాద్?"

"అతుకు సంగతి తెలీదు," అన్నాడు ఉస్తాద్. "ఘాట్‌కు పోకముందు వారం రోజులు నువ్వు అన్నం క్యారియరు తెచ్చింది తెచ్చినట్టే తీసుకుపోయావు. అది తెలుసు."

ఇంకో మాట ఓబులేసులో రోజుల తరబడి మిగిలి ఉంది. ఎట్లాగో బయటికొచ్చింది.

"చెప్పాక కూడా ఎక్కారే. దిగేటప్పుడు అది విరిగి ఉంటే?"

ఉస్తాద్ టీ గుక్క మింగాడు.

"ఇద్దరం పడేవాళ్లం," అన్నాడు.